గుండెకు అతుకు, చేతికి ఈల

మా చెల్లెలి కూతురి గుండె బాగైపోయాక కూడా నాలుగేళ్ల పాటు దాన్ని బడిలో పరిగెత్తనివ్వలేదు. గుండె తెరిచి కుట్టిన డాక్టరు పరిగెత్తమన్నాడు, బడి వద్దంది. అది అన్యాయం. ఇన్నేళ్లయినా నా మాట మారలేదు.

నేను జగ్గయ్యపేటలో లారీ ఆఫీసు గుమస్తాను. ఐదో తరగతితో బడి వదిలిపెట్టాను గానీ చదవడం వదల్లేదు. లైబ్రరీలో రెండు బీరువాలూ పూర్తి చేశాను. లైబ్రరీ ఆయన చివరికి చేతులు జోడించి, "ఇంక మీకివ్వడానికి నా హాజరు పట్టీ తప్ప ఏం మిగల్లేదండీ" అన్నాడు. ఆ చదువు వల్ల నాకు రెండు విద్యలు అబ్బాయి. ఒంట్లో ఏ భాగం ఎక్కడుంటుందో కొంచెం తెలుసు. అర్జీ రాయడం బాగా తెలుసు.

మా మెట్ట ప్రాంతంలో అర్జీ అంటే పైకే రాయాలి. పని పక్కింట్లో అయినా సరే, కాగితం కలెక్టరుకు పోవాలి. బోరింగు పంపు చెయ్యి విరిగితే పంచాయతీ ఆఫీసుకు రాసేవాణ్ణి అమాయకుడి కింద జమకట్టేవాళ్లం. వీరులపాడులో ఒకాయన గేదె కనపడకపోతే నా చేత మంత్రిగారికి అర్జీ రాయించుకున్నాడు. గేదె సాయంత్రానికి దానంతటదే ఇంటికొచ్చింది. మర్నాడు ఆయన నాకు గుమ్మడికాయ తెచ్చిచ్చి, "పోస్టులో వెయ్యకముందే పనిచేసిందండీ మీ అర్జీ" అన్నాడు. అలాంటి పేరు నాది.

చెల్లెలిది నందిగామ. మా బావకు రోడ్డు పక్కన బట్టలు కుట్టే దుకాణం. వాళ్ల ఒక్కగానొక్క పిల్ల పుట్టినప్పటి నుంచీ సన్నగా, గాలికి ఊగే జొన్నమొక్కలా ఉండేది. నెలకోసారి జలుబు, జలుబు వస్తే రొమ్ము పట్టేయడం. నాలుగు అడుగులు పరిగెత్తితే పెదాలు తెరుచుకుని నిలబడిపోయేది. మూడో తరగతిలో ఉండగా విజయవాడలో ఒక డాక్టరు చెవుల్లో గొట్టాలు పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తర్వాత ఆ గొట్టాలు నా చెవుల్లో పెట్టాడు. లబ్‌డబ్ అని పుస్తకంలో రాసి ఉంటుంది కదా, అది వినపడుతూనే ఉంది. ఆ రెండింటి నడుమ బస్సు ముందు తలుపు సరిగ్గా పడకపోతే గాలి దూరినట్టు, బుస్సుమని ఇంకో చప్పుడు.

"పుట్టుకతోనే గుండెలో రంధ్రం ఉందండీ. మద్రాసు తీసుకెళ్లండి. అందాకా పరుగులూ దూకుళ్లూ వద్దు" అన్నాడు.

వద్దంటే వినే పిల్ల కాదది. ఆ వారంలోనే బడిలో "మా అమ్మ ఆడుకోమందండీ" అని టీచరుకు చెప్పి కుందుడుగుమ్మ ఆడి, గోడకు చేరగిలబడి కూర్చుంది. ఇంటికి ఎత్తుకొచ్చారు. మా చెల్లెలిదేమో మెత్తని మనసు. పిల్ల గడ్డం పట్టుకు బతిమాలితే నిజంగానే ఆడుకోమనేస్తుంది. అందుకని నేనే బడికి వెళ్లి హెడ్‌మిస్ట్రెస్‌కు ఒక కాగితం రాసిచ్చాను, ఎవరొచ్చి ఏం చెప్పినా వినకుండా ఉండేట్టు, గట్టిగా. బాగా కుదిరిందని ఇవ్వబోయే ముందు రెండుసార్లు చదువుకున్నాను కూడా.

మద్రాసు పెద్దాసుపత్రిలో వారం రోజులు పరీక్షలు చేశారు. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపించి చూశారు. ఆపరేషన్ చేసే డాక్టరు తెలుగాయనే. మాకు అర్థమయ్యేట్టు కాగితం మీద నాలుగు గదుల ఇల్లు గీశాడు.

"పై రెండు గదుల మధ్య గోడకు పావలా బిళ్లంత బొక్క ఉంది. శుభ్రమైన రక్తం ఒంట్లోకి పోవాల్సింది పోయి, ఇందులోంచి పక్క గదిలోకి దూరి మళ్లీ ఊపిరితిత్తులకే పోతోంది. చేసిన పనే చేసి గుండె అలిసిపోతోంది. గుండె చుట్టూ ఒక పొర ఉంటుంది. అందులోంచి చిన్న ముక్క కోసి, బొక్కకు అతుకేసి కుడతాం."

"దాని గుడ్డే దానికి అతుకన్నమాట" అన్నాడు మా బావ. మద్రాసు వచ్చిన తర్వాత ఆయన మొహంలో మొదటిసారి ధైర్యం కనపడింది. "రంగు కూడా కలుస్తుంది."

నాకు ఇంకో అనుమానం. "కొట్టుకునే గుండె మీద సూది ఎలా వేస్తారండీ?"

"ఆపేస్తాం. కాసేపు దాని పని మిషను చేస్తుంది."

"ఆపింది మళ్లీ స్టార్టవుతుందా?"

ఆయన నేనేం పని చేస్తానో కనుక్కుని నవ్వాడు. "మీ లారీకి సెల్ఫ్ పనిచేయకపోతే దిగి తోస్తారుగా? మేమూ అవసరమైతే ఒక తోపు తోస్తాం లెండి."

అన్నీ చెప్పి చివరికి అసలు సంగతి చెప్పాడు. మిషను నిండటానికీ, ఆ తర్వాతకీ రక్తం కావాలి. ఎనిమిది మంది మనుషులు కావాలి. మద్రాసులో మాకు తెలిసిన మనుషులు మేం నలుగురం, అందులో ఒకరు పేషెంటు.

నేను జగ్గయ్యపేట ఆఫీసుకు ట్రంకాల్ చేశాను. మూడో రోజు పొద్దున్నే ఆసుపత్రి గేటు బయట మా ఆఫీసు లారీలు మూడు వరసగా ఆగి ఉన్నాయి, మిరపకాయ బస్తాలతో. గేటు కాపలావాడు తుమ్ముతూ తమిళంలో తిడుతున్నాడు. మా డ్రైవర్లు తుమ్మకుండా తెలుగులో జవాబు చెబుతున్నారు. వాళ్ల ముందు మా సీనియర్ డ్రైవరు సాయిబు. గరికపాడు నుంచి గూడూరుదాకా ఆయన హారన్ విని లారీ పేరు చెప్పే ఢాబావాళ్లు ఉన్నారు. అంతటి మనిషి సూది చూసేసరికి మంచం కోళ్లు పట్టుకున్నాడు.

"గుమస్తా గారూ, కొండల్లో బ్రేకు ఫెయిలైనా భయపడలేదండీ. ఇది మాత్రం మీరు పక్కన నుంచోండి."

"కళ్లు మూసుకో సాయిబూ."

"డ్రైవరు కళ్లు మూసుకుంటాడా అండీ!"

ఆయన కళ్లు తెరుచుకునే ఇచ్చాడు. ఇచ్చి లేచి, ఆసుపత్రి వాళ్లు పోసిన కాఫీ తాగి, "ఇంక ఆ పిల్ల మా పిల్ల" అని ప్రకటించాడు. మిగిలిన ఏడుగురూ ఔనన్నారు.

ఆపరేషన్ పొద్దున మొదలై మధ్యాహ్నం దాటాక అయింది. ఆ నాలుగైదు గంటల్లో నేను వరండా గోడకున్న బోర్డులన్నీ, తమిళం రాకపోయినా, చదివేశాను. మా చెల్లెలు పిల్ల గౌను మడత పెట్టడం, విప్పడం. బావ చొక్కా గుండీ విప్పడం, పెట్టడం. డాక్టరు బయటికొచ్చి నా వైపు చూసి, "తొయ్యాల్సిన పని పడలేదండీ. దానంతటదే స్టార్టయింది" అన్నాడు.

కట్టు విప్పిన రోజు మా బావ పిల్ల రొమ్ము మీద నిలువు గీతను దుకాణంలో చొక్కా చూసినట్టు చూశాడు. "కుట్టు సమానంగా ఉంది. చేతి కుట్టే, అయినా దారం ఎక్కడా వృథా చేయలేదు" అన్నాడు. అంతకన్నా పెద్ద పొగడ్త ఆయన నోటివెంట నేను మళ్లీ వినలేదు.

ఇదంతా ఉప్పెన వచ్చిన ఏడాదికి ముందటి వేసవిలో. మూడు నెలలు బరువులెత్తొద్దు, పడిపోకుండా చూసుకోండి అని చెప్పి పంపారు. మూడు నెలలూ నందిగామలో పలకరింపులే. వచ్చిన ప్రతి ఆడమనిషీ బ్రెడ్డు ముక్కలో, బత్తాయిలో తెచ్చి, పిల్ల గౌను మెడ దించి గీత చూసి, చెంపలు నొక్కుకుని, "అయ్యో, గుండె తీసి బయట పెట్టారంట కదమ్మా! నొప్పి పుట్టలేదా?" అని అడగడం. పిల్ల మొదట్లో సిగ్గుపడింది. తర్వాత తనే గౌను దించి, "చూశారుగా, బత్తాయిలు అక్కడ పెట్టండి" అనేది.

మూడు నెలల తర్వాత మళ్లీ మద్రాసు వెళ్లాం. డాక్టరు దాన్ని రెండంతస్తులు మెట్లెక్కించి, దింపి, విని, గొట్టాలు మళ్లీ నా చెవుల్లో పెట్టాడు. బుస్సు చప్పుడు లేదు. శుభ్రంగా లబ్‌డబ్, పుస్తకంలో ఉన్నట్టే. "అన్ని ఆటలూ ఆడవచ్చు" అని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. నేను వరండాలోకి వచ్చి కళ్లద్దాలు తుడుచుకున్నాను. అప్పట్లో నా అద్దాలు ఊరికే మసకబారేవి.

ఇంక పరిగెత్తవచ్చు కదా. ఎవరు పరిగెత్తనిస్తారు?

మొదటి అడ్డు మా డ్రైవర్లే. లారీ ఇంజను విప్పి బాగుచేయిస్తే కొన్నాళ్లు మెల్లగా నడపాలి, వెనక "రన్నింగ్ ఇన్" అని బోర్డు కూడా కడతారు. వాళ్ల లెక్కలో మా పిల్లదీ అదే. నందిగామ మీదుగా పోయే ప్రతి లారీ బావ దుకాణం ముందు ఆగేది. సాయిబు మూడుసార్లు హారన్ కొడితే పిల్ల బయటికి వచ్చేది.

"ఎట్టా కొట్టుకుంటుంది తల్లీ గుండె?"

"బాగానే కొట్టుకుంటుంది మామా."

"సెకండ్ గేర్ దాటబాకు. మా రక్తం ఉంది అందులో."

"ఎన్నాళ్లు మామా సెకండ్ గేరు? మీ లారీ అయితే ఈపాటికి బెజవాడలో ఉండేది."

సాయిబు నాలుగు నెలలకు దారికొచ్చాడు. మున్నేటి ఇసకలో పిల్ల అటూ ఇటూ పరిగెత్తితే, ఒడ్డున నుంచుని తన రొమ్ము తాను పట్టుకుని చూశాడు. ఏమీ కాకపోయేసరికి, "పిస్టన్లు సెట్టయినై" అని సర్టిఫికెట్ ఇచ్చేశాడు. బడి మాత్రం రాలేదు దారికి.

చెల్లెలు మద్రాసు కాగితం పట్టుకుని బడికి వెళ్లింది. ఆ వేసవిలోనే పాత హెడ్‌మిస్ట్రెస్ బదిలీ అయి కొత్తావిడ వచ్చింది. ఆవిడ కాగితం చదివి, "చాలా మంచిదమ్మా" అని మడిచి చేతిలో పెట్టింది. డ్రిల్లు పీరియడ్‌లో పిల్లను మాత్రం మెట్ల మీదే కూర్చోబెట్టారు. దిగులుగా కూర్చుందని డ్రిల్లు మాస్టారు జాలిపడి దాని చేతికి ఈల ఇచ్చాడు. నాలుగో తరగతి, ఐదు, ఆరు. బడి ఆటల పోటీల్లో ప్రతి పరుగుపందెం మొదలుపెట్టేది మా పిల్ల ఈలే. ఎవరి కాలు ముందు లేస్తుందో, ఎవరు గీత మీద దొంగతనంగా అడుగు జరుపుతారో, ఎవరు సగం దూరంలో ఆయాసపడతారో అన్నీ చెప్పేది. ఊపిరి బాగా ఆడుతోంది కాబట్టి ఈల కూడా బ్రహ్మాండంగా ఊదేది. అదే నాకు ఒళ్లు మండించింది. అంత ఊపిరి ఉన్న పిల్లను కూర్చోబెడతారా?

మొదటి ఏడాదే బడికి వెళ్లాను. హెడ్‌మిస్ట్రెస్ గది ముందు పది నిమిషాలు నిలబెట్టారు, దాంతో ఇంకొంచెం మండింది.

"గుండె విషయం కదండీ, మేం ఎట్టా..." అని మొదలుపెట్టింది ఆవిడ.

"గుండెజబ్బు మద్రాసులో వదిలేసి వచ్చామండీ. పిల్లనే తీసుకొచ్చాం."

"అది కాదండీ, ఫైల్లో..."

"ఫైలు పరిగెత్తుద్దా అండీ, పిల్ల పరిగెత్తుద్దా?"

"పోనీ మీరే ఒక్క ముక్క రాసివ్వండి..."

ఏమన్నా అయితే బాధ్యత నా నెత్తిన రుద్దడానికి చూస్తోందనుకున్నాను. "రాస్తాను. ఎక్కడికి రాయాలో నాకు తెలుసు" అని లేచి వచ్చేశాను. ఆవిడ వరండాదాకా వెనకాలే వచ్చి ఏదో చెప్పబోయింది. ఆర్టీసీ బస్సు వచ్చేసింది, ఎక్కేశాను.

రాశాను. బందరులో కలెక్టరుకు రాశాను. హైదరాబాదుకు రాశాను. గుండె నాలుగు గదుల బొమ్మ గీసి, అతుకు ఎక్కడ పడిందో బాణం గుర్తు పెట్టి మరీ రాశాను. పెద్ద పెద్దవాళ్ల బల్లల మీద ఆ బొమ్మ చూసినవాళ్లకు వైద్యం సగం వచ్చేసి ఉండాలి. ఒక్కరూ జవాబివ్వలేదు. ఆదివారం నందిగామ వెళ్తే చెల్లెలు అన్నం పెడుతూ అనేది:

"అన్నయ్యా, ఆ టీచరమ్మ నిన్ను రాయమంది."

"రాస్తూనే ఉన్నా కదే!"

"మొన్న కూడా అడిగిందయ్యా, మీ అన్నయ్య రాశాడా అని."

"రాశాడని చెప్పు. ఇంకా రాస్తాడని చెప్పు."

ఇలా ఒకసారి కాదు. ఏడాదికి రెండు మూడుసార్లన్నా అయింది ఈ సంభాషణ. నేను పప్పు కలుపుకుంటూ ఇంకో అర్జీకి మొదటి వాక్యం ఆలోచించుకునేవాణ్ణి.

పిల్ల ఏడో తరగతికి వచ్చింది. ఆ బడి ఏడుతో ఆఖరు. తర్వాత పెద్ద బడికి పోతే ఈ బడి కాగితాలన్నీ వెంట వస్తాయి. అక్కడా మెట్లూ ఈలా తప్పవు. ఆటల పోటీలు ఇంకో నెలలో ఉన్నాయనగా ఒక ఆదివారం అది నా పక్కన వచ్చి కూర్చుంది. అప్పటికి దానికి పన్నెండేళ్లు, నా భుజందాకా వచ్చింది.

"మామయ్యా, ఈసారి కూడా ఈల ఇస్తే నేను బడి మానేస్తా. నాన్న దగ్గర కాజాలు కుట్టుకుంటా."

"చదువు మానేస్తావా? నా మేనకోడలివై ఉండి?"

"నువ్వు ఐదుతో మానలా?"

అది బెదిరించే పిల్ల కాదు. చెప్పిందంటే చేస్తుంది. ఆ రోజు జగ్గయ్యపేటకు తిరిగొచ్చి పదకొండో అర్జీ రాశాను. ఈసారి బొమ్మ లేదు, బాణం లేదు. ఈ పిల్ల బడి మానేస్తే ఆ పాపం ఎవరిదో చెప్పండి అని మాత్రమే అడిగాను.

దానికి జవాబు వచ్చింది. ఆ జవాబు ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది. దాన్ని ఆఖర్న పెడతాను. ముందు పందెం సంగతి చెప్పేస్తాను.

జవాబు అందింది బుధవారం. చదువుకుని కాసేపు లారీ ఆఫీసు బల్ల మీద తల ఆనించి కూర్చున్నాను. ఎవరో ఒంట్లో బాగాలేదా అనడిగితే కసిరాను. గురువారం మొదటి బస్సుకు నందిగామ వెళ్లి, హెడ్‌మిస్ట్రెస్ చేతికి రెండు లైన్ల కాగితం ఇచ్చాను. నా జీవితంలో అంత చిన్నది ఎప్పుడూ రాయలేదు. ఆవిడ చదివి, "చేతిరాత ముత్యాల్లా ఉందండీ" అంది. నేను థాంక్సు చెప్పలేదు.

శుక్రవారం బడి ప్రహరీ అవతల మా లారీలు రెండు ఆగి ఉన్నాయి. సాయిబు క్యాబిన్ పైకెక్కి కూర్చున్నాడు. వంద గజాల పందెంలో ఎనిమిది మంది పిల్లలు. మా పిల్ల అయిదో గీత మీద వంగి నిలబడింది. డ్రిల్లు మాస్టారు ఈల ఊదాడు. ఏడుగురు దూకారు. మా పిల్ల, ఈల ఎవరు ఊదారా అని వెనక్కి తిరిగి చూసింది! అన్నేళ్ల అలవాటు మరి. ప్రహరీ మీదుగా హారన్ మోగింది. అప్పుడు లేచింది చూడండి. లంగా పైకి దోపుకుని, రెండు జడలూ గాల్లో, ఆఖరున మొదలుపెట్టి ఒక్కొక్కరినీ దాటుకుంటూ నాలుగోదిగా గీత తొక్కింది. నాలుగో స్థానానికి బహుమతి లేదు. మా చెల్లెలు వెళ్లి రొమ్ము మీద చెయ్యి వేసి చూసింది. పిల్ల ఆ చెయ్యి తోసేసి, "మళ్లీ ఎప్పుడు పందెం?" అని మాస్టారిని అడుగుతోంది.

బడి మానలేదు. పెద్ద బడిలో చేరింది, అక్కడ దాని కాగితాల్లో ఆఖరి కాగితం నాది, రెండు లైన్లది.

తప్పు నీదేగా అని మా బావ అప్పుడప్పుడూ అంటుంటాడు. ఎలా ఒప్పుకుంటాను? నాలుగేళ్లు ఫైల్లో పెట్టుకుని కూర్చునే బదులు ఒక కార్డు ముక్క రాయవచ్చు కదా నాకు! నేను బస్సెక్కితే రెండో బస్సెక్కి రావచ్చు కదా! ఏమైనా, నాకు వచ్చిన ఒకే ఒక్క జవాబు ఇది. మీరే చదివి చెప్పండి.

"ఆర్యా,

మీరు పై ఆఫీసులకు పంపిన పదకొండు అర్జీలూ ఒకే కట్టగా కట్టి, జవాబివ్వమని మా బడికే పంపారు. అన్నీ చదివాను. గుండె బొమ్మ బాగుంది, సైన్సు పాఠానికి వాడుకుంటాను.

మీ మేనకోడలిని ఆపింది మా బడి నిబంధన ఏదీ కాదు. ఆమె ఫైల్లో మొదటి కాగితం మీది. ఆపరేషన్‌కు ముందు ఇచ్చారు. అందులో ఇలా ఉంది: 'తల్లి వచ్చి చెప్పినా, తండ్రి వచ్చి చెప్పినా, ఎంతటి డాక్టరు కాగితం తెచ్చినా నమ్మవద్దు. నేను నా చేత్తో మళ్లీ రాసి ఇచ్చేవరకు ఈ పిల్లను పరిగెత్తనివ్వవద్దు. ఈ మాట జవదాటితే మీ ఉద్యోగం సంగతి పైకి రాస్తాను.' నాకన్నా ముందున్న మేడమ్ దాని కింద ఎర్ర సిరాతో రెండు గీతలు గీసి వెళ్లారు. మీరు పైకి రాయగలరని ఈ నాలుగేళ్లలో మాకు బాగా తెలిసింది కూడా.

మీరు గదిలోకి వచ్చినప్పుడు చూపించబోయాను. మీ చెల్లెలి గారితో ఎన్నోసార్లు కబురు పంపాను. మీరు అందరికీ రాశారు, మాకు తప్ప.

ఆటల పోటీలు శుక్రవారం. గురువారం సాయంత్రంలోగా రెండు లైన్లు రాసి ఇవ్వండి, ఈల డ్రిల్లు మాస్టారికి ఇప్పిస్తాను. దయచేసి మీరే స్వయంగా తీసుకురండి. పైకి మాత్రం పంపవద్దు."